నిండుగా తెస్తామన్న గిన్నె

శ్రీలంక వెళ్ళొచ్చామంటే మావాళ్ళంతా ముందు అడిగేది రావణాసురుడి గురించే. ఆయన కనబడలేదు. సీతమ్మ ఉన్నచోటు అని చెప్పే గుడి మీదుగానే వెళ్ళాం గానీ, కుండపోతగా వాన పడుతుంటే ఆటో దిగలేదు. కాబట్టి పుణ్యం కోసం చదివేవాళ్ళకు ఇందులో పెద్దగా దొరకదు.

ముందు మా గురించి రెండు ముక్కలు. నేను ఇందుకూరుపేట దగ్గర చిన్న బళ్ళో టీచర్ని. మా ఆయన పెంచలయ్య మైపాడు ఒడ్డు నుంచి నెల్లూరు మార్కెట్టుకు చేపల ఆటో తోలతాడు. నాకు మేనమామ కొడుకే. లంకలో పర్యాటకులకు ఆటోలు అద్దెకిస్తారనీ, ఎవరిది వాళ్ళే తోలుకుంటూ దేశమంతా తిరగొచ్చనీ ఫోన్లో చూసిన రోజు నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. సెలవుల్లో కూడా ఆటోనేనా అని నేను దెప్పితే, "ఈడ చేపల్ని తిప్పతా ఉండా, ఆడ నిన్ను తిప్పతా" అన్నాడు.

తిరగడం ఒక ఎత్తు. అసలు పని ఇంకోటుంది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు తుఫానులో మా నాయన పడవ దారి తప్పి, రోజుల తరబడి కొట్టుకుపోయి, లంక తూర్పు ఒడ్డున తేలింది. అక్కడ రాసమ్మ అనే ఆమె మా నాయనను ఇంటికి మోయించుకుపోయి, లేచి నిలబడేదాకా గంజి పోసి బతికించింది. తిరిగి పంపేటప్పుడు ఒక సత్తు గిన్నెలో అన్నమూ చేపల పులుసూ పెట్టి, మూత బిగించి చేతికిచ్చింది. ఆ గిన్నె మా అటక మీదే ఉండిపోయింది. మా అమ్మ చెంచమ్మ దాన్ని ఏనాడూ పొయ్యి మీదకు ఎక్కించలేదు.

ఒకరింటి గిన్నె మనింటికి వస్తే ఖాళీగా తిరిగి పంపకూడదు. మా ఒడ్డున పూటకు లేనివాళ్ళు కూడా ఈ పద్ధతి తప్పరు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమన్నా వేసి పంపుతారు. "ఆమె గిన్నె పంపించేద్దామయ్యా" అని అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయన మాత్రం "దానికింకా టైము రాలేదులే" అనేవాడు. టైము రాకుండానే ఆయన పోయాడు.

ఆయన పోయాక పులికాట్ వైపు చేపల వ్యాపారి ఒకాయన, లంకలో తనకున్న చుట్టాల ద్వారా రాసమ్మ కొడుకు నంబరు సంపాదించి ఇచ్చాడు. కొడుకు పేరు యోగన్, మా ఆయన ఈడువాడు. అమ్మ పుట్టిల్లు తడ కాబట్టి నాకు అరవం వచ్చు. "మీ గిన్నె తెస్తున్నాం, నిండుగా తెస్తున్నాం అని అమ్మకు చెప్పండి" అన్నాను సంబరంగా. "ఎంతమంది వస్తున్నారు?" అని అడిగాడు. కొత్తమనిషితో మొగుడి మాట ఎత్తడానికి సిగ్గేసి, నేనూ, తోడు ఒక మగమనిషీ, ఇద్దరం అని చెప్పాను. "ఇద్దరేనా?" అని మళ్ళీ అడిగాడు. భోజనాల లెక్క కోసమనుకున్నాను.

అమ్మ వణికే చేతులతో తిరగలి తానే తిప్పి, వేయించిన మినుములు విసిరి, బెల్లమూ నెయ్యీ కలిపి సున్నుండలు చుట్టి గిన్నె అంచుదాకా పేర్చింది. "బంగారం బోయినా బోనీండి. గిన్నె మాత్రం ఖాళీగా ఇయ్యబాకండి" అని మూత మీద గుడ్డ కట్టింది. మేం చెయ్యాల్సింది అదొక్కటే.

నెగొంబో

విమానం దిగినచోటికి దగ్గర ఊరు. ఆటో ఇక్కడే తీసుకున్నాం. వాళ్ళు త్రీవీల్ అంటారు. ఎర్రటి బండి, వెనక సీటుకు పూలగుడ్డ. మా ఆయన పిల్లను చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలాగా దాని చుట్టూ తిరిగి, టైరును తన్ని చూసి, "ఫర్వాలేదు, మన మాట ఇంటది" అని తేల్చాడు.

వచ్చినవాళ్ళందరూ ఏనుగుల్ని చూడ్డానికి పోతుంటే మేం ఎండుచేపల్ని చూడ్డానికి పోయాం. మావాళ్ళు ఇసుక మీదే ఆరబోస్తారు. తినేటప్పుడు పళ్ళ కింద కరకరమంటే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ కొబ్బరిపీచు పట్టాలు పరిచి వాటి మీద ఆరబెడుతున్నారు. ఒకామె చేపను చీల్చి, కడిగి, ఉప్పునీళ్ళ పీపాలో వేస్తూ నాతో సింహళంలో మాట్లాడింది. నేను తెలుగులో మాట్లాడాను. చేపలు తగ్గాయనీ డీజిలు మండిపోతోందనీ ఇద్దరికీ బాగానే అర్థమైంది.

ఒడ్డున అలలు తెచ్చి పడేసిన చెక్కలు చూస్తే నాయన గుర్తొచ్చాడు. తుఫాను వెలిసిన తెల్లారి ఆయన ఒడ్డెంట నడక మొదలుపెట్టేవాడు. ఉత్తరాన పెన్న సముద్రంలో కలిసే మొగ దాకా ఒకరోజు, దక్షిణంగా కాళ్ళు పీకేదాకా ఇంకోరోజు. కొట్టుకొచ్చిన చెక్కాముక్కా ఏరుకోడానికి పోతాడని ఊళ్ళో వెక్కిరించేవాళ్ళు. ఎప్పుడూ వట్టిచేతులతోనే వచ్చేవాడు. "సముద్రానికి కాపలా పెట్టినారా నిన్ను?" అని అమ్మ తిట్టేది. ఆయన కాళ్ళు కడుక్కుని అన్నానికి కూచునేవాడు.

కితుల్‌గల

ఇక్కడి నుంచి కొండలు మొదలు. చదునైన మైపాడు రోడ్డు మీద తోలినవాడికి కొండ దిగడమంటే బ్రేకు మీద కాలు పెట్టి కూచోవడమే అనిపించింది కాబోలు. కాసేపటికి కాలిన వాసన. ఒక రేకుల షెడ్డు దగ్గర ఆపితే నిమల్ అనే మెకానిక్ బయటికొచ్చి, చక్రం దగ్గర ముక్కుపెట్టి చూసి, మా ఆయన్ను చూసి నవ్వాడు. బ్రేకులు చల్లారేదాకా కూచోబెట్టి, సరిచేసి, దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలని చేతులతో చూపించాడు. మాకు పాలు లేని టీ ఇచ్చి, అరచేతిలో తాటిబెల్లం లాంటి బెల్లపు ముక్క పెట్టాడు. ముక్క కొరికి టీ గుటక వెయ్యాలి. టీలో చక్కెర వేసుకునే మనకు ఇదేదో లెక్కగా బతకడంలా అనిపిస్తుంది గానీ, రుచి మరిగాక మన టీ పాయసంలా ఉంటుంది.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. మా ఆయన గిన్నె గుడ్డ విప్పాడు.

"అది రాసమ్మదయ్యా" అన్నాను.

"గిన్నె నిండా ఉండాయి గదే. రెండు తీస్తే తెలస్తదా? దుడ్లు తీసుకోనోడికి వట్టి చెయ్యి చూపిచ్చి పోతామా?"

నిమల్ ఒకటి తిని కళ్ళు మూసుకున్నాడు. లోపల్నుంచి భార్య, తల్లి, పక్క షెడ్డతను వచ్చారు. వచ్చినవాళ్ళకు లేదనలేం. బయల్దేరేటప్పటికి గిన్నెలో పై వరస లేదు.

నువర ఎలియ

టీ తోటల మధ్య మెలికల రోడ్డు. కొండకు దువ్వెన పెట్టి దువ్వినట్టు వరసలు. ఆటో పక్కకు ఆపి నేనూ మా ఆయనా చూస్తూ ఎంతసేపు కూచున్నామో తెలియదు. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఎక్కడికన్నా రావడం ఇదే మొదలు.

చలికి మా ఆయన లుంగీ తలకు చుట్టుకున్నాడు. వాన కమ్ముకుని రోడ్డు కనబడకపోతే, టీ ఆకు కోసే సెల్వి అనే ఆమె తన ఇంటికి రమ్మంది. ఒకే గోడకు అతుక్కున్న గదుల వరస, గదికొక సంసారం. ఆమె తాతలు తమిళదేశం నుంచి వచ్చినవాళ్ళు. ఆకు తూకానికి తగ్గితే కూలీ సగం కోస్తారంది. రొట్టె, కొబ్బరి పచ్చడి పెట్టింది. ఆ కొబ్బరిని మిరపకారంతో నూరి నిమ్మకాయ పిండుతారు, నోరు భగ్గుమంటుంది. నెల్లూరు కారం తిన్న మా ఆయన కూడా నీళ్ళడిగాడు.

సెల్వి కూతురు నెలలు నిండిన మనిషి. గుడ్డ కట్టిన గిన్నె వైపే చూస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల చూస్తుండగా తీపి దాచుకోవడం మా ఇంటావంటా లేదు. ఈసారి విప్పింది నేనే. దోసిలితో తీసి ఆ పిల్ల ఒళ్ళో పోశాను. మా ఆయన "అది రాసమ్మదే" అని నా మాటే నాకు అప్పజెప్పాడు. సగం ఉన్నాయిలే, సగం గిన్నె ఖాళీ గిన్నె కాదులే అనుకున్నాను.

ఎల్ల

ఇక్కడ అడవి మధ్యలో రాతి కమానుల వంతెన ఉంది. దాని మీద నీలం రైలు పోతుంటే చూడ్డానికి దేశదేశాల జనం కొండ అంచున కూచుంటారు. మేం వెళ్ళిన రోజు మంచు. రైలు కూత వినబడింది, రైలు కనబడలేదు.

ఆ సాయంత్రం యోగన్ ఫోన్ చేశాడు. "ఎప్పుడొస్తున్నారు? అమ్మ అడుగుతోంది." రేపు బయల్దేరతామన్నాను. కానీ మర్నాడు ఎండ బాగా కాసింది. ఇంత దూరం వచ్చి, మళ్ళీ వస్తామా పెడతామా అని ఆగిపోయాం. రైలు చూశాం. వంతెన మీద నడిచాం. మట్టిచట్టిలో గేదెపెరుగు కొని, దాని మీద నల్లటి పాకం పోసుకుని తిన్నాం. చట్టి మన డబ్బుల్లో నూట యాభై దాకా పడింది. ఆ తర్వాతి రోజు ఒక చిన్న కొండ ఎక్కుదామన్నాడు మా ఆయన. సరేనన్నాను.

యోగన్ మళ్ళీ చేశాడు. "బయల్దేరారా?" అన్నాడు అంతే.

నేను ఫోన్ పెట్టేసి చెబితే మా ఆయన, "ముసిలామె ఇన్నేళ్ళు ఆగింది, ఒక్క పూట ఆగలేదా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ కొండ మీద ఆయన తీసిన ఫోటోలో నవ్వుతున్నాను కూడా. ఆ ఫోటో మా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. చూస్తే నా మొహం నాకే నచ్చదు.

హబరణ దాటాక

ఆలస్యం సర్దుకోవాలని పెందలాడే లేచి ఏకబిగిన తోలాం. హబరణ దగ్గర టీ కొట్టాయన, పొద్దువాలే వేళ ఆ అడవి రోడ్డు మీద పోవద్దన్నాడు. ఈ పూటకన్నా చేరాలన్న తొందరలో వినలేదు.

మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన ఏనుగు. మా ఆయన ఇంజను ఆపేశాడు. ఏనుగు తొందర లేకుండా వచ్చి, తొండం ఆటోలోకి చాపి, నన్ను వదిలేసి, నా ఒళ్ళో ఉన్న గిన్నెను వాసన చూసింది. బెల్లం, నెయ్యి. నేను రెండు చేతులా పట్టుకున్నాను.

"వదిలెయ్ విజయా" అన్నాడు మా ఆయన.

వదిలాను. గిన్నె రోడ్డు మీద పడి మూత ఊడింది. ఏనుగు ఒక్కొక్క ఉండా ఏరుకుని తిని, మట్టితో సహా ఊడ్చి, చెవులు విసురుకుంటూ చెట్లలోకి పోయింది. గిన్నె అంచు కొంచెం నొక్కుకుంది, అంతే. "ఇనాయకుడే తిన్నాడనుకో" అన్నాడు మా ఆయన. ఇద్దరం నవ్వబోయాం, నవ్వు రాలేదు. ఊళ్ళోకి పోగానే ఏదన్నా కొని నింపుదాం అనుకున్నాం. బజారు మిఠాయి అమ్మ చేతి సున్నుండ కాదు. అయినా ఖాళీ కంటే నయం.

ఆ పూట తోవలోనే ఒక బసలో ఆగాల్సి వచ్చింది. పొద్దున రాసమ్మ వాళ్ళ ఊరు త్రికోణమలై పొలిమేరలోనే యోగన్ మోటారుసైకిలు వేసుకుని మా కోసం నిలబడి ఉన్నాడు. ఆటోలోకి తొంగి చూశాడు. వెనక నేనొక్కదాన్నే. హ్యాండిల్ దగ్గర మా ఆయన. యోగన్ బండి తిప్పి ముందు పోయాడు. దారిలో మిఠాయి కొట్లు వచ్చాయి, పోయాయి. యోగన్‌ను ఆపి, మీ అమ్మకు ఏమీ తేలేదు, కొనుక్కుంటాం అనడానికి నోరు రాలేదు.

రాసమ్మ ఇల్లు

సముద్రానికి ఎదురుగా రేకుల వసారా. రాసమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని కూచుంది. రెండు కళ్ళలోనూ తెల్లగా పొర. నేను కాళ్ళకు దణ్ణం పెట్టబోతే నన్ను పక్కకు జరిపి, మా ఆయన ఉన్నవైపు చేతులు చాపింది.

ఆయన వంగాడు. ఆమె ఆయన మొహమంతా తడిమింది, నుదురు, ముక్కు, చెవులు. తర్వాత ఎడమచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తాకుతూ చిటికెనవేలు దాకా వచ్చి, దాన్ని మొదలు నుంచి కొస దాకా చూసుకుంది. ఆ చెయ్యి మెల్లగా వదిలేసింది.

"గిన్నె" అంది.

చేతిలో పెట్టాను. బరువు చూసింది. మూత తియ్యలేదు. గిన్నెను ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది. "అయితే అక్కడికి రాలేదు" అంది.

నేను ఏనుగు గురించి గబగబా చెప్పుకుపోతున్నాను. యోగన్ నన్ను ఆపాడు. "అది కాదక్కా. మీ నాయన చెప్పలేదా?"

మా నాయన కొట్టుకొచ్చిన ఆ తుఫానులోనే యోగన్ తండ్రి పడవ కూడా పోయింది. మా నాయనకు గంజి పోసిన రోజుల్లో రాసమ్మ తన మనిషి కోసం ఎదురుచూస్తోంది. ఈ సముద్రం మీ ఒడ్డు మనిషిని మాకు తెచ్చిందంటే, మా మనిషిని మీ ఒడ్డుకు చేర్చి ఉండొచ్చు అనుకుంది. గిన్నె చేతికిచ్చి మా నాయనతో అన్నదట: "ఆయన అక్కడ తేలితే ఇందులో అన్నం పెట్టి, ఆయన చేతికే ఇచ్చి పంపు." ఆయన ఎడమ చిటికెనవేలు తాడులో పడి సగమే ఉంటుందని ఆనవాలు కూడా చెప్పింది.

"గిన్నె నిండుగా వస్తోందని మీరు ఫోన్లో అన్నారు" అన్నాడు యోగన్. "అంతా అయిపోయిన సంగతి, అమ్మా, అని నేను చెప్పా. అమ్మ మాత్రం, వచ్చేది ఇద్దరు, అందులో ఒకరు మగమనిషి అంటివే, ఆయనే కావచ్చుగా అంది. అప్పట్నుంచీ రోజూ తలంటుకుని, ఈ చీర కట్టుకుని ఇక్కడ కూచుంటోంది."

రోజూ. మేం రైలు కోసం ఆగిన రోజు, పెరుగు తిన్న రోజు, కొండెక్కిన రోజు.

మా ఆయన వసారా మెట్టు మీద కూలబడి తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళకు ఎలాగో చల్లారిన ఆశను నేనే ఫోన్ చేసి ఊది రాజేశాను. ఆపైన కూచోబెట్టాను. నాయన ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఫోన్లో అలా మాట్లాడేదాన్ని కాదు. నేను ఒక్కసారన్నా గట్టిగా అడిగి ఉంటే చెప్పేవాడేమో.

అప్పుడు తట్టింది. రాసమ్మ పక్కన కూచుని చెప్పాను. తుఫాను వెలిసిన ప్రతిసారీ మా నాయన ఒడ్డెంట నడిచేవాడని. ముసలితనంలో మోకాళ్ళు వంగకపోయినా కర్ర పట్టుకుని పోయాడని. చెక్కలు ఏరడానికని అందరం అనుకున్నామని, ఏనాడూ ఒక్క చెక్క తేలేదని.

ఆమె నా వైపు తిరిగింది. "ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"చివరిదాకా?"

"నడవగలిగినంత కాలం."

చాలాసేపు గిన్నె అంచును, ఆ నొక్కుకున్నచోట, బొటనవేలితో రుద్దుతూ కూచుంది. "వెతికేవాళ్ళు ఒకరున్నారన్నమాట" అంది. తర్వాత కోడల్ని పిలిచి వంట చెయ్యమంది. బియ్యప్పిండీ కొబ్బరీ కలిపి ఆవిరి మీద వండిన పిట్టు, చేపల పులుసు. మా నాయన తిన్నవి అవేనట. మేం తినేదాకా ఆమె ముద్ద ముట్టలేదు. బయల్దేరేటప్పుడు గిన్నె కడిగించి, మిగిలిన పిట్టు తన చేత్తోనే అందులో నింపి నాకిచ్చింది. "మీ అమ్మకివ్వు. ఇక దీన్ని తేవొద్దు" అంది.

మైపాడు

తిరుగుదారిలో ఎక్కడా ఆగలేదు. ఏం చూశామో నాకు గుర్తు లేదు.

పిట్టు విమానం దాకా నిలవలేదు, పులిసిపోయింది. అడుగున ఒక ముద్ద మాత్రం ఎండబెట్టి తెచ్చాను. అమ్మ మమ్మల్ని చూడగానే అడిగింది: "నిండుగా ఇచ్చినారా?"

అంతా చెప్పాను. సున్నుండలు ఎవరెవరు తిన్నారో చెప్పినప్పుడు తలూపింది. నాయన నడక సంగతి చెప్పినప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాపలాదారుడా అని తిట్టినా గదే" అంది. "కాళ్ళు వాసిపోయి వచ్చినోడికి ఒకనాడన్నా నీళ్ళు కాసి ఇయ్యకపోతిని." ఎండిన పిట్టు ముద్దను నీళ్ళలో నానబెట్టుకుని తింది. గిన్నెను మళ్ళీ అటకెక్కించలేదు. తోమి, పొయ్యి గట్టు మీద పెట్టుకుంది.

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టి రెండు రోజులు గాలీ వానా. వెలిసిన తెల్లారి మా ఆయన ఆటో తుడుచుకుంటుంటే అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. గిన్నెలో అన్నం పెట్టి, మూత బిగించి, ఆయన చేతికిచ్చింది.

"పెన్న మొగ దాకా ఒడ్డెంట నడిచి రాండబ్బయ్యా, ఇద్దరూ" అంది. "ఆడ ఎవరో ఒకరు తేలుంటారేమో."